టర్బో కారులో ఆయిల్ టెంపరేచర్ గేజ్ సెన్సర్ ఎక్కడ పెట్టించాలి?

డ్రెయిన్ బోల్టు దగ్గర మాత్రం వద్దండీ. మన హైదరాబాద్ కాలనీల స్పీడ్ బ్రేకర్లకి ఒక్కసారి గట్టిగా తగిలితే సెన్సర్ విరిగి ఆయిలంతా రోడ్డు పాలవుతుంది. ఆయిల్ ఫిల్టర్‌కీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య శాండ్‌విచ్ ప్లేటు (సెన్సర్ బిగించే రంధ్రాలున్న బిళ్ల) వేయించి, అందులో సెన్సర్ బిగించండి. ఆయిల్ మార్చే రోజే చేయిస్తే కలిసొస్తుంది. ఒంటి వైరు సెన్సరైతే ఎర్త్ దాని బాడీ నుంచే అందాలి. సెన్సర్ మర నిండా టెఫ్లాన్ టేపు చుట్టేస్తే ఎర్త్ సరిగా అందక గేజ్ ముల్లు తప్పు చూపిస్తుంది. ఇక్కడే ఎక్కువ పొరపాటు జరుగుతుంది, దగ్గరుండి చూసుకోండి.

కూలెంట్ ముల్లు మధ్యకొచ్చినా ఆయిల్ ఇంకా 60 డిగ్రీల దగ్గరే ఉండొచ్చు. 80 దాటేదాకా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కొద్దు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆయిల్ 90–110 డిగ్రీలుండటం మామూలే. 130 దాటితే కాలు తీయండి, ఇంజిన్ మాత్రం వెంటనే ఆపకండి; మెల్లగా నడుపుతూ టర్బోని చల్లబడనివ్వండి.