పాఠకుల ప్రశ్నలు: వెబ్‌సైటుకూ ఆటస్థలానికీ ఏమిటి సంబంధం?

ప్రశ్న: మాకు తెలిసిన ఒక అధ్యాపకురాలు వెబ్ యాక్సెసిబిలిటీ (వెబ్‌సైట్లు దివ్యాంగులకూ అందుబాటులో ఉండటం), స్థానిక క్రీడా విధానం అనే రెండు అంశాలపై కలిపి పరిశోధన చేస్తున్నారు. ఈ రెండింటికీ పొంతన ఏమిటో నాకు బోధపడలేదు. వివరించగలరా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పైకి పొంతన లేనట్టే ఉంటుంది. అయితే వేసవి శిక్షణ శిబిరంలో పేరు నమోదు చేసుకోవాలన్నా, ఈతకొలనులో సమయం కేటాయించుకోవాలన్నా, జిల్లా జట్టు ఎంపిక పోటీల తేదీ తెలుసుకోవాలన్నా ఇప్పుడు చాలా చోట్ల మొదట చూడవలసింది వెబ్‌సైటునే. చూపు లేని యువకుడు, తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో ఆ పేజీని చదువుకోలేకపోతే, క్రీడా విధానంలో దివ్యాంగుల గురించి ఎంత ఉదారంగా రాసుకున్నా, మైదానంలో ర్యాంపు కట్టించినా, ఆ కబురు అతని దాకా చేరదు. మీ అధ్యాపకురాలు బహుశా ఈ చోటునే పరిశీలిస్తున్నారు.

ఈ సంబంధాన్ని స్పష్టంగా చూపిన కేసు సిడ్నీ ఒలింపిక్స్‌ది. అంధుడైన బ్రూస్ మాగ్వైర్ 1999 జూన్‌లో, ఆ క్రీడల నిర్వాహక సంఘం వెబ్‌సైటు తనకు అందుబాటులో లేదని ఆస్ట్రేలియా మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. ఆయన అడిగినవి పెద్ద కోరికలేమీ కావు. బొమ్మలకు, లింకులకు వాటి వివరం తెలిపే అక్షరాలు ఉండాలి, కార్యక్రమాల పట్టిక నుంచి ఆటల సూచికలోకి వెళ్లే దారి ఉండాలి, ఫలితాల పట్టికలను స్క్రీన్ రీడర్ చదవగలగాలి. సంఘం మాత్రం మార్చవలసిన పేజీ నమూనాలు 1,295 ఉన్నాయనీ, ఒక్కరే రోజుకు 8 గంటల చొప్పున చేస్తే 368 రోజులు పడుతుందనీ వాదించింది. ఫిర్యాదుదారు తరఫున సాక్ష్యమిచ్చిన నిపుణులు అంత పని గానీ, అంత ఖర్చు గానీ అక్కరలేదని చెప్పారు. కమిషన్ ఆ మాటనే నమ్మి, 1992 నాటి వైకల్య వివక్ష నిరోధక చట్టం కింద 2000 ఆగస్టులో తీర్పు చెబుతూ, సెప్టెంబరు 15లోగా వెబ్‌సైటును సరిచేయాలని ఆదేశించింది. ఆ తేదీ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజే. ఆదేశం పూర్తిగా అమలు కాకపోవడంతో, క్రీడలు ముగిశాక, నవంబరులో 20,000 ఆస్ట్రేలియా డాలర్ల పరిహారం చెల్లించమని కమిషన్ తేల్చింది. డబ్బు వచ్చింది సరే, దాటిపోయిన ఒలింపిక్స్ మాత్రం తిరిగి రాలేదు. ఆటల సమాచారానికి గడువు ఉంటుంది. ఇతర ప్రభుత్వ సమాచారం కంటే దీన్ని వేరుగా చూడవలసిన కారణం, నా దృష్టిలో, అదే.

ప్రశ్న: మన దేశంలో ఇలా అడిగే హక్కు ఉందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో 30వ సెక్షను క్రీడల్లో సమర్థమైన భాగస్వామ్యానికి ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని, 42వ సెక్షను ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలని చెబుతున్నాయి. ఈ రెండు సెక్షన్లనూ పక్కపక్కన పెట్టి చదివేవారు తక్కువ. రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న, సుగమ్యతా (అందుబాటు) ప్రమాణాలను సలహాల స్థాయికి దించిన, ఆ చట్టం కింద చేసిన నియమావళిలోని 15వ నియమం మూల చట్టానికి విరుద్ధమని తీర్పునిచ్చి, తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలు రూపొందించమని ఆదేశించింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక సమర్పించినది హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం.

మరొకటి గమనించాలి. రాజ్యాంగం ప్రకారం క్రీడలు రాష్ట్ర జాబితాలోని అంశం. ఆటస్థలాల వంటి పట్టణ సౌకర్యాలు పన్నెండవ షెడ్యూలులో పురపాలక సంఘాల బాధ్యతల కింద ఉన్నాయి. కనుక మీ ప్రశ్నను ఢిల్లీకి పంపే ముందు మీ ఊరి మున్సిపాలిటీని అడగవచ్చు.

ప్రశ్న: నేను పీజీ విద్యార్థిని. మా జిల్లా వరకే పరిమితమై ఈ అంశంపై చిన్న ప్రాజెక్టు చేయవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తప్పక చేయవచ్చు. గత ఏడాది మీ జిల్లాలో వెలువడిన క్రీడా ప్రకటనలన్నీ సేకరించి, ఒక్కొక్కటి ఏ రూపంలో ఉందో ముందు రాసుకోండి. కాగితం మీద అచ్చువేసి, సంతకం పెట్టి, స్కాన్ చేసిన పీడీఎఫ్ స్క్రీన్ రీడర్‌కు ఒట్టి బొమ్మ. తెలుగులో మరో చిక్కు కూడా ఉంది. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠం కంటికి చక్కని తెలుగులాగే కనిపిస్తుంది, కానీ లోపలి సంకేతాలు యూనికోడ్ కావు కనుక స్క్రీన్ రీడర్ దాన్ని అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరుసగా చదువుతుంది. ఇంగ్లీషు వెబ్‌సైట్ల కోసం తయారైన తనిఖీ పద్ధతులను ఉన్నవి ఉన్నట్టు తెచ్చుకుంటే ఈ లోపం మీ లెక్కలోకి రాకపోవచ్చు, జాగ్రత్త.

ఆ తరువాత మౌసును పక్కనపెట్టి కీబోర్డుతోనే దరఖాస్తు పూర్తిచేయడానికి ప్రయత్నించండి. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌తో వినండి. మనిషా యంత్రమా అని తేల్చే క్యాప్చా పరీక్ష దగ్గర ఆగిపోతే అదీ నమోదు చేయండి. అయితే చూపున్న మనం ఒక పూట విని తేల్చేసే విషయం కాదిది. రోజూ స్క్రీన్ రీడర్ వాడే క్రీడాకారులను కనీసం ముగ్గురు నలుగురిని కలిసి, నిరుడు ఏ ఎంపిక పోటీల కబురు తమకు ఎవరి ద్వారా, ఎన్నాళ్లు ఆలస్యంగా తెలిసిందో అడగండి. వెబ్‌సైటులో ఉన్న సమాచారం వారికి స్నేహితుడి ఫోను ద్వారానే తెలిసి ఉంటే, మీ ప్రాజెక్టులో మొదటి అధ్యాయం దాని గురించే రాయవలసి ఉంటుంది.