బోర్డు మీది సీపీఎల్‌డీకి డివైస్ ట్రీలో ఎన్ని నోడ్‌లు?

రొయ్యల గుంటల ఏరేటర్లను నడిపే బోర్డులో లోకల్ బస్సు (ప్రాసెసర్‌ను చిప్పులతో కలిపే తీగల వరుస) మీద సీపీఎల్‌డీ (లాజిక్‌ను మనమే రాసి నింపుకొనే చిప్పు) ఉందనీ, రిలేలు, ఈథర్‌నెట్ ఫై (నెట్‌వర్క్ తీగను నడిపే చిప్పు) రీసెట్, బోర్డు వెర్షన్ దాని రిజిస్టర్లలోనే ఉన్నాయనీ, డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేమున్నాయో కెర్నెల్‌కు చెప్పే వర్ణనలో) రిజిస్టరుకొక నోడ్ (ఒక్కో భాగాన్ని వర్ణించే పద్దు) రాయాలా అనీ మీరు అడిగారు. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు గుంటలకు ఇటువంటి బోర్డుకే బైండింగ్ (నోడ్‌లో ఏమేమి ఎలా రాయాలో చెప్పే నియమాలు) రాసిన అనుభవంతో చెబుతున్నాను: నోడ్ ఒక్కటే చాలును.

డివైస్ ట్రీ వర్ణించవలసింది హార్డ్‌వేర్‌ను. మీ డ్రైవర్‌ను ఎన్ని ఫైళ్లుగా విడదీశారన్నది దానికి అనవసరం. చిప్పు ఒకటే, చిప్ సెలెక్ట్ (బస్సు మీద ఆ చిప్పును ఎంచుకునే లైను) ఒకటే కనుక బస్సు నోడ్ కింద ఒకే నోడ్ ఉండాలి; దాని ‘రెగ్’లో (చిరునామా చెప్పే ప్రాపర్టీలో) చిప్ సెలెక్ట్ సంఖ్య, ఆఫ్‌సెట్, పరిమాణం వరుసగా వస్తాయి. ఆ నోడే జీపీఐఓ (ఆన్-ఆఫ్ లైన్ల) కంట్రోలర్‌గానూ రీసెట్ కంట్రోలర్‌గానూ ఉండవచ్చు. ‘సింపుల్-ఎంఎఫ్‌డీ’ (పిల్ల నోడ్‌లను విడి పరికరాలుగా చూడమనే గుర్తు) పెట్టి పిల్ల నోడ్‌లు రాయడం, అవి తల్లి నోడ్ మీద దేనికీ ఆధారపడనప్పుడే సబబు.

‘కంపాటిబుల్’లో (డ్రైవర్‌ను ఎంచుకోవడానికి వాడే పేరులో) ఉత్త ‘సీపీఎల్‌డీ’ అని రాయకండి. ఫ్రీస్కేల్ పాత పవర్‌పీసీ బోర్డుల బీసీఎస్‌ఆర్‌కు (బోర్డు అదుపు, స్థితి రిజిస్టర్లకు) ‘ఎఫ్‌ఎస్‌ఎల్,ఎంపీసీ8360ఎండీఎస్-బీసీఎస్‌ఆర్’ అని బోర్డు పేరుతోనే పెట్టారు. వెర్షన్‌ను రిజిస్టరు నుంచి చదవగలిగినంత కాలం ప్రతి సవరణకూ కొత్త పేరు అక్కరలేదు.

అసలు చిక్కు రిలేల దగ్గర ఉంది. మన వైపు కరెంటు పోయి వచ్చినప్పుడు ఏరేటర్లన్నీ ఒక్కసారిగా లేస్తే, మోటార్లు మొదలయ్యేటప్పుడు మామూలుకన్నా అనేక రెట్లు కరెంటు లాగుతాయి కనుక బ్రేకరు పడిపోతుంది. అందుకని ఏ రిలే ఎన్ని సెకన్లకు వేయాలో కూడా ప్రాపర్టీగా రాద్దామని చాలామందికి అనిపిస్తుంది. అది బోర్డు లక్షణం కాదు, నడిపేవారి నిర్ణయం. గుంట గుంటకూ మారే ఆ సంగతి అప్లికేషన్‌లో ఉండాలి. రీసెట్ కాగానే రిలేలన్నీ ఆఫ్‌లో ఉండడమన్నది సీపీఎల్‌డీ లాజిక్‌లోనే ఉండాలి, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ లేచేదాకా డివైస్ ట్రీని చదివి రిలేలను అదుపు చేసేవారుండరు. ‘జీపీఐఓ-హాగ్’తో (లైనును మొదట్లోనే ఒక స్థితిలో బిగించే నోడ్‌తో) పట్టి ఉంచుదామంటే, ఆ లైనును తర్వాత మీ ప్రోగ్రాం తీసుకోలేదు, లెవెల్ షిఫ్టర్ (సిగ్నల్ వోల్టేజీని మార్చే చిప్పు) ఎనేబుల్ వంటి, ఎప్పటికీ మారని లైనుకే హాగ్ తగును.

బైండింగ్‌ను యామల్ స్కీమాగా (యంత్రం సరిచూడగల నియమాల ఫైలుగా) రాసి ‘మేక్ డీటీ_బైండింగ్_చెక్’, ఆపైన ‘మేక్ డీటీబీఎస్_చెక్’ నడపండి. స్కీమాలో లేని ప్రాపర్టీలను అనుమతించవద్దని రాసి ఉంటే, అక్షరం తప్పిన పేర్లు అక్కడే బయటపడతాయి. రిలే లైనుకు యాక్టివ్-లో (లైను సున్నా అయితే ఆన్ అని చెప్పే) ఫ్లాగ్ తారుమారైతే మాత్రం ఆ పరీక్షలు పట్టుకోలేవు. మోటారు తగిలించకముందే రిలే కాయిల్ దగ్గర మల్టీమీటరుతో చూసుకోండి.