చలికాలంలో కోయిల ఎక్కడ? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా వీధి చివర రావిచెట్టు మీద ఉగాదికి ముందే కోయిల కూత మొదలవుతుంది. దీపావళి దాటాక మాత్రం చప్పుడే ఉండదు. చలికాలంలో ఎక్కడికి వలసపోతుంది?
*ఒక పాఠకురాలు, సీతమ్మధార*

ఎక్కడికీ పోదండీ. మన నల్లకోయిల దేశంలో చాలాచోట్ల ఏడాది పొడవునా ఉండే పిట్టే. పండ్లున్న చెట్లు వెతుక్కుంటూ కొంత అటూ ఇటూ జరుగుతుంది, అంతే. చలికాలంలో ఆగిపోయేది కూత. కుహూ అనేది మగపిట్ట. కోయిల గుడ్లు పెట్టేది కాకి గూట్లో. కాకులు గూళ్లు కట్టే కాలం దగ్గరపడేదాకా దానికి జతతో పని లేదు, కనుక కూతతోనూ పని లేదు.

డిసెంబరులో మీ రావిచెట్టు పండినప్పుడు ఓ పావుగంట కింద నిలబడి చూడండి. నిగనిగలాడే నలుపు, ఎర్రటి కన్ను, లేత ఆకుపచ్చ ముక్కు, కాకి కంటే సన్నటి ఒళ్లు, పొడవాటి తోక ఉంటే అది మగది. గోధుమరంగు ఒంటి నిండా తెల్లచుక్కలు, తోక మీద అడ్డచారలు ఉంటే ఆడది. ఆడదాన్ని చూసి వేరే పిట్ట అనుకునేవాళ్లే ఎక్కువ. కాబట్టి మీరు రాసిపెట్టుకోవాల్సింది కోయిల వచ్చిన తేదీ కాదు, తొలికూత తేదీ.

ప్రశ్న: మా కాలేజీ విద్యార్థులం ఎనిమిదిమందిమి ఈసారి తొలికూత తేదీలు నమోదు చేద్దామనుకుంటున్నాం. ఫోన్లలో పిట్టల జాబితాలు నమోదు చేసే ఈబర్డ్, గొంతు విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ రెండూ ఉన్నాయి. ఏ పద్ధతి పాటించాలి?
*విద్యార్థులు, మధురవాడ*

మొదటి మాట: కూత వినపడని రోజు కూడా రాయాలి. అందరూ తప్పేది ఇక్కడే. కోయిల వినపడిన రోజే జాబితా పెడితే ప్రతి వారమూ నూటికి నూరు వస్తుంది, గ్రాఫ్ గోడలా నిలబడుతుంది, దాన్నుంచి ఏమీ తెలియదు. ఈబర్డ్ నెలను నాలుగు ముక్కలు చేస్తుంది: 1 నుంచి 7, 8 నుంచి 14, 15 నుంచి 21, 22 నుంచి నెలాఖరు. ఒక్కో ముక్కలో వచ్చిన పూర్తి జాబితాల్లో ఎన్నింట్లో ఆ పిట్ట ఉందో లెక్కగడుతుంది. పది జాబితాల్లో నాలుగింట కోయిల ఉంటే 40 శాతం. మిగతా ఆరు లేకపోతే ఆ నలభై ఎక్కడిది? అందుకే కాకి, గోరింక, పిచ్చుక, చూసినవీ విన్నవీ గుర్తుపట్టినవన్నీ రాసి, 'పూర్తి జాబితా' అన్నచోట అవును అని పెట్టండి. ఒకేచోట నిలబడి పదిహేను నిమిషాలు చాలు.

రెండోది వేళ. గడియారాన్ని కాదు, సూర్యోదయాన్ని పట్టుకోండి. విశాఖలో పొద్దు పొడిచేది జనవరి చివర దాదాపు 6:30కి, మార్చి మధ్యలో ఆరు దాటగానే, జూన్ మొదట్లో 5:20 ప్రాంతంలో. రోజూ ఆరింటికే నిలబడితే జనవరిలో మసకచీకట్లో వింటున్నట్టు, జూన్‌లో పొద్దెక్కాక వింటున్నట్టు. కోయిల తెల్లవారకముందే జోరు మీద ఉంటుంది. గడియారాన్ని నమ్ముకుంటే కూత తగ్గిందో, మీరు ఆలస్యమయ్యారో తేలదు. సూర్యోదయానికి అరగంట ముందు మొదలుపెట్టండి.

జనవరి మధ్యకల్లా పని ప్రారంభం కావాలి. ఉగాదికి మొదలుపెడితే తొలికూత ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఎనిమిదిమందీ ఒకేచోట నిలబడకుండా విడిపోండి: ఇద్దరు కంబాలకొండ అడవి అంచున, ఇద్దరు ముడసర్లోవ జలాశయం దగ్గర, మిగిలినవాళ్లు ఇళ్ల దగ్గర. బీచ్‌రోడ్డు మాత్రం వద్దు, అలల హోరులో దూరపు కూతలన్నీ కొట్టుకుపోతాయి.

లెక్క విషయం. ఒకే గొంతు మెట్టుమెట్టుగా పైకెక్కుతూ ఎనిమిదిసార్లు కూస్తే అది ఒక పిట్టే. రెండు దిక్కుల నుంచి ఒకదాని మీద ఒకటి పడుతూ వినిపిస్తేనే రెండు. ఆడది 'కిక్ కిక్ కిక్' అని గబగబా అరుస్తుంది, దాన్ని వ్యాఖ్యల గడిలో విడిగా రాయండి. మెర్లిన్ పేరు చూపించగానే జాబితాలో వేసేయకండి. కంబాలకొండ వైపు జంటతోక ఏట్రింతలు (డ్రోంగోలు) ఇతర పిట్టల గొంతులు అచ్చంగా దించేస్తాయి, వీధిలో కుర్రాళ్ల ఈలలు సరేసరి. మీ చెవికి వినపడితేనే నమోదు. ఫోన్లో కోయిల కూత వినిపించి బదులు పలికించడం అసలు వద్దు, అలా రాబట్టిన కూత తేదీకి విలువ లేదు.

ప్రశ్న: జూన్‌లో మేఘాద్రిగెడ్డ జలాశయం దగ్గర నలుపూ తెలుపూ రంగుల్లో, తలమీద జుట్టుతో ఉన్న పిట్టను చూశాను. చాతకం అన్నారు. ఇది ఆఫ్రికా నుంచి వచ్చిందేనా?
*ఒక పాఠకుడు, గాజువాక*

మీ వర్ణన చాతకానిదే. ఎగిరేటప్పుడు రెక్కలో తెల్లమచ్చ, తోక చివర తెల్లటి కొనలు కూడా కనిపించి ఉంటే ఇక అనుమానమే లేదు. ఆఫ్రికాదా అంటే మాత్రం కంటితో చెప్పలేం. ఉత్తర భారతంలో గుడ్లు పెట్టే చాతకాలు నైరుతి గాలుల వెంట అరేబియా సముద్రం దాటి వస్తాయి. దక్షిణాదిలో ఇక్కడే ఉండిపోయే చాతకాలు వేరే ఉన్నాయి. ఆ మార్గం తెలుసుకోవడానికే డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ 2020లో రెండు చాతకాలకు ఉపగ్రహ పరికరాలు కట్టింది, పేర్లు మేఘ్, చాతక్. వాన తెచ్చేది పిట్ట కాదు. గాలి దాన్ని ఇటు తోస్తుంది, వాన పడ్డాక బొచ్చుపురుగులు దొరుకుతాయి, గుంపుగా తిరిగే సిదా పిట్టలు గూళ్లు కడతాయి, వాటిలో ఇది గుడ్లు పెడుతుంది.

మీ చోట నిజంగా జూన్‌లోనే వచ్చిందో తేలాలంటే ఏప్రిల్, మే నెలల్లో అది కనపడని జాబితాలు కూడా ఉండాలి.

ప్రశ్న: మంగోలియా నుంచి ఆఫ్రికా వెళ్లి, మన దేశం మీదుగా తిరిగొచ్చిన కోయిల గురించి చదివాను. అంత చిన్న పిట్ట మీద పరికరం ఎలా పనిచేస్తుంది?
*ఒక పాఠకుడు, భీమిలి*

మీరు చదివింది ఓనన్ గురించి. అది మన కోయిల కాదు, 'కుక్కూ' అని రెండు స్వరాల్లో కూసే బూడిదరంగు జాతి. 2019 జూన్‌లో మంగోలియాలో పరికరం కట్టారు. జాంబియాలో చలికాలం గడిపి, 2020 వసంతంలో తూర్పు ఆఫ్రికా నుంచి అరేబియా సముద్రం దాటి మధ్యప్రదేశ్ చేరి, మే చివరికి మంగోలియాలో దిగింది. తిరుగు ప్రయాణమే పన్నెండు వేల కిలోమీటర్ల పైన. ఇది నీటిమీద వాలే పిట్ట కాదు కనుక సముద్రాన్ని ఏకబిగిన దాటాల్సిందే.

ఆ పిట్ట బరువు నూరు గ్రాములు దాటి కొంత, పరికరం సుమారు అయిదు గ్రాములు. సన్నటి పట్టీలతో వీపుకు తగిలిస్తారు, బ్యాటరీ ఎండకు నిండుతుంది. బ్రిటన్ పరిశోధకులు 2011 నుంచి వాడినవి పది గంటలు సంకేతాలు పంపి, నలభై ఎనిమిది గంటలు ఆగేవి. అందుకే మ్యాపులో రెండు చుక్కల మధ్య గీసిన గీత పిట్ట వెళ్లిన దారి కాదు, మనం కలుపుకున్నది. చుక్కలన్నీ కూడా ఒకే నాణ్యత కావు. ఉపగ్రహాలతో పిట్ట ఉన్న చోటు లెక్కగట్టే ఆర్గోస్ వ్యవస్థలో మూడో తరగతి చుక్క అయితే 250 మీటర్ల లోపు తేడా, ఒకటో తరగతి అయితే 500 నుంచి 1500 మీటర్లు. మేఘాద్రిగెడ్డ అవతలి గట్టా ఇవతలి గట్టా అన్నది ఒకటో తరగతి చుక్కతో తేలదన్నమాట.

సంకేతం ఆగగానే పిట్ట చచ్చిందనుకోకండి. కాంగో అడవుల దట్టమైన నీడలో బ్యాటరీ నిండక నెలల తరబడి మౌనంగా ఉండొచ్చు.

మన దేశంలో అడవి పిట్టను పట్టి పరికరం కట్టాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి తప్పనిసరి. ఉత్సాహం కొద్దీ చేసే పని కాదు.

ప్రశ్న: అనంతగిరి కాఫీ తోటల్లో నాలుగు స్వరాల కూత విన్నాను. పిట్ట కనపడలేదు. కోయిలేనా?
*ఒక పాఠకుడు, ఎస్.కోట*

కోయిల కుటుంబమే. ఇండియన్ కుకూ అయి ఉంటుంది. గుడ్లు ఎక్కువగా పసులపోలిగాడి లాంటి ఏట్రింతల గూళ్లలో పెడుతుంది. నల్లకోయిల పట్టికలో కలపకుండా వేరే వరుసలో రాయండి.

ప్రశ్న: జూన్‌లో కాకి గూటి నుంచి కోయిల పిల్ల కింద పడింది. ఇంట్లో పెంచవచ్చా?
*ఒక పాఠకురాలు, అక్కయ్యపాలెం*

పెంచకూడదు, చట్టం ఒప్పదు. రెక్కల్లో ఈకలు వచ్చి ఉంటే అది ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల. పిల్లులకు అందని కొమ్మ మీదో, ప్రహరీ మీదో పెట్టి దూరంగా జరగండి, కాకులే మేత పెడతాయి. పాలు, తడి అన్నం వద్దు. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. గాయముంటే గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి అటవీశాఖ సిబ్బందికి అప్పగించండి. పిల్లను తీసేటప్పుడు కాకులు మీ నెత్తిన తన్నడం ఖాయం, గొడుగు పట్టుకెళ్లండి.