బాలయోగి గారంటే హెలికాప్టర్ ప్రమాదం ఒక్కటే కాదు

"జీఎంసీ బాలయోగి పేరు వింటే నాకు హెలికాప్టర్ ప్రమాదం తప్ప ఇంకేమీ గుర్తురాదు. కోనసీమలో ఇప్పటికీ ఆయన్ని అంతగా ఎందుకు తలుచుకుంటారు?" అని ఒకరు అడిగారు. మాది మురమళ్ల దగ్గర ఊరు, లోక్‌సభ స్పీకర్‌గా చేసిన ఆయన పుట్టిన ఎదుర్లంక మాకు పక్కనే. నాకు తెలిసింది చెప్తాను.

ముందు రేవు గురించి చెప్పాలి. అప్పట్లో మా ఊరి నుంచి కాకినాడ వెళ్ళాలంటే ఎదుర్లంక రేవులో పంటు, అంటే మనుషుల్నీ బళ్ళనీ దాటించే పెద్ద పడవ ఎక్కి, గోదావరి పాయ గౌతమి దాటి, యానాంలో దిగి బస్సు పట్టుకోవాల్సి వచ్చేది. కాదంటే రావులపాలెం మీదుగా చుట్టూ తిరగాలి, దానికి ఒక పూట పోయేది. పంటు మీద జనం, సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, మేకలు, ఒకటో రెండో జీపులు. 1993లో నేను డిగ్రీ ప్రాక్టికల్స్‌కి వెళ్తున్న రోజు, సముద్రం పాటు మీద ఉన్న సమయం. నీళ్ళు తగ్గిపోయి పంటు ఇసుక మేటకి తగిలి ఆగిపోయింది. పోటు వస్తేగానీ కదలదన్నారు. ఎదురుగా యానాం ఇళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి. రికార్డు బుక్కు తడవకుండా గుండెలకి అదుముకుని మూడు గంటలు నిలబడ్డాను. కాలేజీకి చేరేసరికి మా బ్యాచ్ అయిపోయింది. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. నాకు ఏడాది పోయింది. మా వైపు ప్రతి ఇంట్లోనూ ఇలాంటి రేవు కష్టం ఒకటి ఉంటుంది. కొన్ని ఇళ్ళల్లో పోయింది ఏడాది కాదు, ప్రాణం.

బాలయోగి గారు 1951 అక్టోబరు 1న ఆ రేవు ఊళ్ళోనే, దళిత రైతు కుటుంబంలో పుట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, లా చేసి, కాకినాడలో ప్రాక్టీసు పెట్టారు. మేజిస్ట్రేటు ఉద్యోగం వచ్చినా వదిలేశారు. మా ఇళ్ళల్లో అప్పట్లో అలాంటి ఉద్యోగం వదులుకుంటే పిచ్చి పట్టిందనేవారు. 1987లో తూర్పుగోదావరి జిల్లా పరిషత్ ఛైర్మన్, 1991లో అమలాపురం ఎంపీ. 1996లో ఓడిపోయారు. తర్వాత ముమ్మిడివరం నుంచి అసెంబ్లీకి వెళ్ళి ఉన్నత విద్యాశాఖ మంత్రి అయ్యారు. 1998లో మళ్ళీ ఎంపీగా గెలిచారు, ఆ మార్చి 24న లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. అప్పటికి ఆయన వయసు 46.

ఈ ముక్క పుస్తకాల్లో ఒక్క లైనులో అయిపోతుంది. మా పేటలో అలా అయిపోలేదు. మా నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. రైతు అరుగు ముందు నిలబడి కూలి డబ్బులు తీసుకోవడమే గానీ, కూర్చుని మాట్లాడింది ఎప్పుడూ చూడలేదు నేను. పేటంతటికీ ఉన్న ఒక్క టీవీ ముందు ఒకరోజు నాన్నని తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. సభలో అందరూ లేచి అరుస్తున్నారు, బాలయోగి గారు కూర్చోండి, కూర్చోండి అంటున్నారు. నాన్న నా చెయ్యి పట్టుకుని, "అంతంత పెద్దోళ్ళని కూర్చోమంటన్నాడ్రా మనోడు. ఆళ్ళు కూర్చుంటన్నారు" అన్నాడు. ఆ చెయ్యి వణకడం నాకు ఇప్పటికీ తెలుస్తుంది.

ఇక ఆయన్ని నేను నాయకుడిగా గౌరవించేది 1999 ఏప్రిల్ 17 వల్ల. ఆ రోజు వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది, 269కి 270. గిరిధర్ గమాంగ్ అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి, కానీ ఎంపీ పదవికి రాజీనామా చెయ్యలేదు. ఆయన ఓటు వెయ్యొచ్చా లేదా అని గొడవ లేచింది. బాలయోగి గారు దాన్ని గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. గమాంగ్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా వేశారు. ఇక్కడ మర్చిపోకూడని సంగతి, బాలయోగి గారి సొంత పార్టీ తెలుగుదేశం ఆ రోజు వాజ్‌పేయి వైపు ఓటేసింది. అంటే ఆ ఓటు ఆపితే లాభం తన వాళ్ళకే. ఆయన ఆపలేదు. ఆ నిర్ణయం తప్పని వాదించేవాళ్ళు నేటికీ ఉన్నారు. నా మటుకు నాకు, ఎంపీగా ఉన్న మనిషి ఓటు హక్కుని స్పీకర్ తన చేత్తో కొయ్యకపోవడమే న్యాయం. ఆ ఏడాది అక్టోబరులో కొత్త సభ ఆయన్నే మళ్ళీ స్పీకర్‌గా ఎన్నుకుంది. లోక్‌సభలో ఎంపీల నడవడిక చూడ్డానికి ఎథిక్స్ కమిటీని మొదటిసారి వేసింది కూడా ఆయనే, 2000లో. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగినప్పుడు కూడా స్పీకర్ ఆయనే.

2002 మార్చి 3, ఆదివారం. భీమవరం నుంచి బయల్దేరిన హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలిపోయింది. ఆయనకి 50 ఏళ్ళు. ఆ రాత్రి మా పేటలో పొయ్యి వెలగలేదు. నాన్న బతికున్నన్నాళ్ళూ ఏటా ఆ రోజు అమలాపురంలో బాలయోగి ఘాట్‌కి వెళ్ళి రెండు పూలు పెట్టి వచ్చేవాడు.

ఎదుర్లంక, యానాంల మధ్య వంతెన కోసం ఆయన పడ్డ పాటు మా వైపు అందరికీ తెలుసు. దానికి ఇప్పుడు ఆయన పేరే. మా అమ్మాయి కాకినాడలో చదువుకుంటోంది. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని మా ఊళ్ళో బస్సెక్కి, గౌతమి దాటింది కూడా గమనించకుండా ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోతుంది.

ఆయన తలపెట్టినవన్నీ పూర్తి కాలేదు. కోటిపల్లి–నరసాపురం రైల్వే లైను, 57 కిలోమీటర్లు, ఆయన స్పీకర్‌గా ఉన్నప్పుడే మంజూరైంది. ఆ లైను వస్తే కోనసీమకి రైలు వస్తుంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, గోదావరి పాయలు మూడింటి మీదా వంతెనలు కట్టాలి. మీరు ఎప్పుడైనా ఇటు వస్తే కోటిపల్లి రేవుకి వెళ్ళండి, నదిలో వరసగా రైలు వంతెన స్తంభాలు కనిపిస్తాయి. వాటి పక్కనుంచే జనం ఇప్పటికీ పంటు మీద ముక్తేశ్వరం వెళ్తుంటారు.