ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, మరి వేళ్లలో ఈ తిమ్మిరి ఎందుకు?

ప్రశ్న: నా వయసు 36. ఉండేది గాజువాకలో. రెండు వారాల క్రితం మద్దిలపాలెం కూడలిలో సిగ్నల్ దగ్గర బైక్ ఆపి ఉండగా, వెనుక నుంచి కారు గుద్దింది. ఎడమవైపు పడిపోయాను. హెల్మెట్ ఉంది, స్పృహ తప్పలేదు. ఎక్స్‌రే తీసి ఎముకలు బాగున్నాయని ఇంటికి పంపేశారు. మర్నాటి నుంచి మెడ పట్టేసింది. మందుల దుకాణంలో కాలర్ కొని పగలూ రాత్రీ పెట్టుకుంటున్నాను. నాలుగు రోజులుగా ఎడమ బొటనవేలు, చూపుడు వేలు తిమ్మిరెక్కుతున్నాయి. మెడ విరిపించుకుంటే పోతుందని తెలిసినవాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందుగా ఒక్క మాట. మెడ ఎవరిచేతా విరిపించుకోకండి. క్షౌరశాలలో అయినా, కట్లు కట్టేవారి దగ్గరైనా, ఇంట్లోవాళ్ల చేతులతోనైనా వద్దు. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనుల్లో రెండు మెడ ఎముకల లోపలి రంధ్రాల గుండా పైకి వెళతాయి. దెబ్బ తిన్న మెడను ఒక్కసారిగా తిప్పితే ఆ ధమని లోపలి పొర చీలి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. మెడ ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్కు జారి ఉంటే అది నరాన్ని ఇంకా గట్టిగా నొక్కుతుంది.

ఆగి ఉన్న మనిషికి వెనుక నుంచి దెబ్బ తగిలితే మొండెం ముందుకు దూసుకుపోతుంది, తల మాత్రం ఒక్క క్షణం వెనుకే ఉండిపోయి, ఆ తర్వాత కొరడా ఝళిపించినట్టు ముందుకు వస్తుంది. వచ్చే దెబ్బ కనిపించదు కాబట్టి మెడ కండరాలు బిగుసుకునే వ్యవధి కూడా ఉండదు. కారులోలాగా తలకు ఆనుగా బైక్ మీద ఏమీ లేదు. లోపల సాగిన కండరాలు, ఎముకలను కలిపి ఉంచే స్నాయువులు వాచడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే మీకు నొప్పి మర్నాడు మొదలైంది.

ఎక్స్‌రేలో కనిపించేది ప్రధానంగా ఎముకే. డిస్కు, స్నాయువు, నరం అందులో కనిపించవు. మెడలోని కొన్ని సన్నని పగుళ్లు కూడా తప్పిపోతాయి. బొటనవేలు, చూపుడు వేలు కలిసి తిమ్మిరెక్కుతున్నాయంటే నాకు మొదట అనుమానం వచ్చేది మెడలోని ఆరో నరం మీద. అది అయిదు, ఆరు ఎముకల మధ్య నుంచి బయటికి వస్తుంది. ఆ నరమేనని చూడకుండా చెప్పలేను. చేతి బలం, ప్రతిక్రియలు (రిఫ్లెక్సులు), స్పర్శ పరీక్షించాలి, ఆపైన అవసరాన్ని బట్టి ఎంఆర్ఐ తీయాలి. వారాలు ఆగవద్దు. రేపో ఎల్లుండో కేజీహెచ్‌లో గానీ, విమ్స్‌లో గానీ, మీకు అందుబాటులో ఉన్న ఎముకల వైద్యుడి దగ్గర గానీ చూపించుకోండి. పాత ఎక్స్‌రే, చీటీలు వెంట ఉంచుకోండి. ప్రమాదం కేసుకూ, బీమాకూ అవే ఆధారం.

అయితే కొన్ని లక్షణాలు కనిపిస్తే రేపటిదాకా కూడా ఆగకూడదు. చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైనా, గ్లాసు చేతిలోంచి జారిపోతున్నా, నడుస్తుంటే తూలుతున్నా, మెడ వంచినప్పుడు వెన్ను వెంట షాక్ కొట్టినట్టు అనిపించినా, మూత్రం ఆగిపోయినా లేదా పట్టు తప్పినా అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లండి. రోజురోజుకూ పెరిగే తలనొప్పి, పదేపదే వాంతులు, మగత, మాట తడబడటం కూడా అంతే. తల లోపల నెమ్మదిగా కారే రక్తం రెండు మూడు వారాల తర్వాత బయటపడటం నేను చూశాను. పెద్ద వయసువారిలో, రక్తం పలచబడే మందులు వాడేవారిలో ఇది ఎక్కువ.

ఇక కాలర్ సంగతి. వైద్యుడు చూసేదాకా ప్రయాణంలో పెట్టుకోండి. ఎముకలు, స్నాయువులు స్థిరంగా ఉన్నాయని ఆయన నిర్ధారించాక మాత్రం తీసేయండి. వారాల తరబడి బిగించి ఉంచితే కండరాలు బలహీనపడి, మెడ ఇంకా బిగుసుకుపోతుంది. తొందరగా కోలుకునేది నొప్పి భరించగలిగినంత మేర మెడను మెల్లగా తిప్పుతూ ఉన్నవాళ్లే. వైద్యుడు సరేనన్నాక రోజుకు నాలుగైదుసార్లు నెమ్మదిగా కుడికీ ఎడమకూ తిప్పండి, భుజాలు వెనక్కి తిప్పండి. పడుకునేటప్పుడు తల కింద పలచటి దిండు ఒకటి చాలు. వేడి కాపడం పావుగంట. నొప్పికి పారాసిటమాల్‌తో మొదలుపెట్టండి. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు ఉంటే డైక్లోఫినాక్ వంటివి సొంతంగా వాడకండి. ఇలాంటి దెబ్బల్లో ఎక్కువ మందికి కొన్ని వారాల నుంచి మూడు నెలల్లోపు తగ్గిపోతుంది.

భుజం మీదుగా వెనక్కి పూర్తిగా చూడగలిగేదాకా బైక్ ఎక్కవద్దు, బస్సులో వెళ్లండి. ఆ హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయండి. లోపలి ఫోమ్ ఒకసారి నలిగితే రెండో దెబ్బను ఆపలేదు.

ఇది చదువుతున్న ఇతరులకు ఒక సమాచారం: 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల పాటు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు రహిత చికిత్స ఉంది.

మీరు రాయలేదు గానీ అడగాలనిపిస్తోంది. వెనుక హారన్ వినబడితే గుండె దడదడలాడుతోందా? రాత్రి ఆ చప్పుడే గుర్తొచ్చి మెలకువ వస్తోందా? తొలి వారాల్లో అది చాలామందికి ఉండేదే. నెల దాటినా తగ్గకపోతే చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్లండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడండి.