కొత్త పిస్టల్ మొరాయిస్తోందన్న మేనకోడలికి

చి. అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. పిస్టల్ చేతికొచ్చి నెల తిరక్కుండానే పేచీలు మొదలయ్యాయనీ, యాభై తూటాల్లో మూడు పేలలేదనీ, రెండుసార్లు పేలిన తూటా ఖాళీ గొట్టం, అదే కేసు, బయటపడకుండా ఇరుక్కుందనీ రాశావు. అంతవరకూ కంగారేం లేదు. "రేపు సెలవు, మొత్తం విప్పేసి చూస్తాను" అన్నావు చూడు, ఆ ముక్కకి భయపడి ఇవాళే జవాబు రాస్తున్నాను. ఆ స్క్రూడ్రైవర్ సొరుగులో పడెయ్. 1949లో వచ్చిన రూగర్ పిస్టల్ ఒకటుంది. గట్టి సరుకు, కానీ విప్పాక తిరిగి బిగించడం బ్రహ్మవిద్య అని లోకమంతా చెప్పుకునేది. చివరికి 2016లో ఆ కంపెనీవాళ్ళే ఒక్క బటన్ నొక్కితే విడిపోయేలా దాన్ని మార్చారు. నీది ఆ రకం కాకపోవచ్చు. అయినా నెల వయసు పిస్టల్లో లోపలి స్క్రూలు తిప్పాల్సినంత రోగం ఉండడం అరుదు.

ముందు తప్పెవరిదో తేల్చాలి. తూటాని అనుమానించు, తర్వాత మురికిని, తర్వాత నీ చేతిని. పిస్టల్ ఆఖరి ముద్దాయి.

తూటా సంగతి ఎందుకు ముందు ఎత్తానంటే, నీ పాయింట్ 22 తూటాకి పుట్టుకలోనే ఒక బలహీనత ఉంది. పెద్ద తూటాలకి అడుగున నడిమధ్య ప్రైమర్ అని చిన్న బిళ్ళ విడిగా ఉంటుంది. దీనికి అది లేదు. అడుగున చుట్టూ కనిపించే అంచు, అదే రిమ్, లోపల బోలు. నిప్పు పుట్టించే మందు ఆ బోలులోనే ఉంటుంది. తయారీలో తడి మందుని కేసులో వేసి గిర్రున తిప్పితే అది అంచు పొడుగునా పరుచుకుంటుంది. ఒకచోట పలచబడి, తూటాని కొట్టే సూది, అదే ఫైరింగ్ పిన్, సరిగ్గా అక్కడే తగిలిందనుకో, తుస్సుమంటుంది. 1887లో పుట్టిన తూటా ఇది. ఇన్నేళ్ళయినా ఆ పద్ధతి మారలేదు, ఆ తుస్సూ పూర్తిగా పోలేదు.

ఈసారి ట్రిగ్గర్ లాగినా పేలకపోతే, మూతి టార్గెట్ వైపే ఉంచి మనసులో ముప్పై లెక్కపెట్టు. ఆలస్యంగా పేలేవి కూడా ఉంటాయి. తర్వాత తూటా బయటికి తీసి అంచు మీద పిన్ దెబ్బ చూడు. లోతుగా, స్పష్టంగా పడి ఉంటే తప్పు తూటాదే. పైపైన గీసినట్టు ఉంటే రెండు కారణాలు. ఛాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే గూట్లో, మురికి పేరుకుని తూటా పూర్తిగా లోపలికి కూర్చోలేదు, లేదా పిన్ నడిచే దారిలో జిడ్డు ఉంది. కొత్త పిస్టల్‌కి ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు తుడిచావా అసలు? నీ ఉత్తరంలో ఆ మాటే లేదు. ఆ పేలని తూటాలు జేబులో వేసుకుని ఇంటికి తేకు. రేంజ్‌లో వాటికి వేరే డబ్బా ఉంటుంది.

దానికంటే ప్రమాదం ఇంకోటుంది. "ఠాప్" అనాల్సిన చోట "తుప్" అని నీరసంగా వినిపిస్తే అక్కడితో ఆపెయ్. తూటా కొసనుండే సీసపు గుండు బ్యారెల్ మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి పేల్చావంటే బ్యారెల్ ఉబ్బిపోతుంది. టైమ్ అయిపోతోందని ఎవరు తొందరపెట్టినా వినకు. మ్యాగజీన్ తీసి, ఛాంబర్ ఖాళీ చేసి, రేంజ్ ఆఫీసర్‌ని పిలిచి, బ్యారెల్లోంచి వెలుతురు కనిపించాకే మళ్ళీ మొదలుపెట్టు.

ఇక ఇరుక్కునే కేసులు. మన పిస్టళ్ళలో తూటాని వెనకనుంచి మూసే బోల్ట్‌ని పట్టి ఉంచే తాళం ఏదీ ఉండదు. పేలిన కేసే వెనక్కి తన్ని బోల్ట్‌ని తెరుస్తుంది, వెనకున్న స్ప్రింగు దాన్ని మళ్ళీ ముందుకి నెడుతుంది. ఈ తన్నుడికీ స్ప్రింగుకీ పొత్తు కుదరాలి. టార్గెట్ పిస్టళ్ళని స్టాండర్డ్ వెలాసిటీ తూటాల కోసం చేస్తారు. పెట్టె మీద సెకనుకి 330 మీటర్ల లోపు వేగం రాసి ఉంటుంది, అంటే ధ్వని వేగం కంటే తక్కువ. "హై వెలాసిటీ" అని ఊరించే పెట్టెలు కొనకు. అవి బోల్ట్‌ని సుత్తితో కొట్టినట్టు కొడతాయి, పైగా గురి మెరుగుపడదు. తన్నుడు మరీ తక్కువైనా, మణికట్టు వదులుగా పట్టినా, ఛాంబర్ గోడలకి మైనం, మసి అంటుకున్నా కేసు సగంలో ఆగుతుంది. కేసుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద మసి గట్టిపడితే అది అంచుని పట్టుకోలేదు. సూది మొనతో అక్కడ ఒకసారి గీరి చూడు. ఎంత వస్తుందో నువ్వే ఆశ్చర్యపోతావు.

ఏ తూటా మంచిదని అడిగావు. నీ పిస్టల్‌ని అడగాలి ఆ మాట, నన్ను కాదు. నాలుగు రకాలు చిన్న పెట్టెలు తెచ్చుకుని, పిస్టల్‌ని ఇసుక సంచి మీద ఆనించి, 25 మీటర్ల దగ్గర ఒక్కో రకం పదేసి కాల్చి కాగితాలు దాచు. ప్రెసిషన్ టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వెడల్పు 50 మిల్లీమీటర్లు. పది గుండ్లూ అందులో సులువుగా పట్టే రకం దొరికితే చాలు. ఖరీదైనదే నెగ్గుతుందని లేదు. నెగ్గిన పెట్టె మీద ఏ విడతలో తయారైందో చెప్పే లాట్ నంబరు చూసి, అదే లాట్‌లో ఎక్కువ తెచ్చి పెట్టుకో. అదే కంపెనీ, అదే పేరు, లాట్ మారితే కాగితం మీద గుండ్లు పడే గుంపు మారడం నేను చాలాసార్లు చూశాను.

శుభ్రం చేయడంలో నేను చేసిన వెధవ పని ఒకటి చెప్పాలి. మొదటి రోజుల్లో రేంజ్ నుంచి వచ్చిన ప్రతిసారీ ఇనప కడ్డీ మూతి వైపు నుంచి దూర్చి, బ్యారెల్ తళతళలాడేదాకా రుద్దేవాణ్ణి. రెండేళ్ళు తిరిగేసరికి గుంపు అరచేయంత వెడల్పైంది. సైట్ తప్పన్నాను, ట్రిగ్గర్ తప్పన్నాను, కళ్ళద్దాలు కూడా మార్చాను. ఒక ముసలి మెకానిక్ భూతద్దం చేతికిచ్చి బ్యారెల్ మూతి చూడమన్నాడు. గుండు ఆఖరుగా వదిలే ఆ అంచు ఒక పక్కకి అరిగిపోయి ఉంది. అరగదీసింది తూటాలు కాదు, నా కడ్డీ.

పాయింట్ 22 గుండు మెత్తని సీసం, పైన మైనం పూత. బ్యారెల్‌ని పెద్దగా అరగదీయదు. గుంపు వెడల్పవుతోందని కాగితం చెప్పినప్పుడే బ్యారెల్ జోలికి వెళ్ళు. వీలైతే వెనక వైపు నుంచి, లేదంటే లోపలి నుంచి లాగే తాడు బ్రష్‌తో. శుభ్రం చేశాక మొదటి పది, పదిహేను గుండ్లు దారి తప్పుతాయి, మైనం మళ్ళీ పరుచుకునేదాకా. అందుకని పోటీ ముందురోజు బ్యారెల్ తోమకు. ఛాంబర్, బోల్ట్ ముఖం, కొక్కెం మాత్రం ప్రతిసారీ పాత టూత్‌బ్రష్‌తో తుడు. బోల్ట్ జారే చోట ఒక్క చుక్క నూనె. ఎక్కువైతే మసితో కలిసి జిగురవుతుంది.

ఇంట్లో డ్రై ఫైర్, అంటే తూటా లేకుండా ట్రిగ్గర్ లాగే సాధన, చేస్తున్నానన్నావు, మంచిదే. కానీ ఖాళీ ఛాంబర్ మీద రిమ్‌ఫైర్ పిన్, అంటే అంచుని కొట్టే పిన్, వదిలితే, కొన్నిటిలో అది నేరుగా ఛాంబర్ అంచుకి తగిలి గాటు పెడుతుంది. ఆ గాటు దగ్గరే తర్వాత కేసులు ఇరుక్కుంటాయి. నీ పిస్టల్‌తో వచ్చిన పుస్తకంలో డ్రై ఫైర్ చేయొచ్చని రాసి ఉందేమో చూడు. లేకపోతే ప్లాస్టిక్ డమ్మీలు పెట్టు. ఆ గదిలో అసలు తూటా ఒక్కటి కూడా ఉండకూడదు.

మ్యాగజీన్లకి పెన్నుతో ఒకటి, రెండు అని నంబర్లు వెయ్యి. పేచీ అంతా ఒకే నంబరుతో వస్తే దొంగ దొరికినట్టే. నేల మీద పడితే పైన తూటాని పట్టి ఉంచే వాటి పెదవులు వంగుతాయి. నింపేటప్పుడు పై తూటా అంచు కింది దాని అంచుకి ముందు ఉండేలా ఒక్కొక్కటే పెట్టు. ట్రిగ్గర్ బరువు తగ్గించుకుంటానన్న మాట మర్చిపో. 25 మీటర్ల పోటీలో ట్రిగ్గర్ కిలో బరువు మోసి చూపించాలి, మొయ్యకపోతే తనిఖీలోనే ఆపేస్తారు.

చెవులకి, కళ్ళకి రక్షణ లేకుండా లైన్ మీద నిలబడకు. చిన్న తూటా అనుకుంటాం గానీ పిస్టల్లో దాని చప్పుడు 140 డెసిబెల్స్ దాటుతుంది, గుండు కిలోమీటరు పైనే వెళ్తుంది. పొగలోనూ సీసం ఉంటుంది, రాగానే చేతులు, మొహం సబ్బుతో కడుక్కో. పిస్టల్ ఒక తాళంలో, తూటాలు ఇంకో తాళంలో. స్పాంజి పెట్టెలో నెలల తరబడి ఉంచకు, చెమ్మ పట్టి తుప్పొస్తుంది. లైసెన్స్ కాగితాల గడువు నువ్వే గుర్తుపెట్టుకో, మీ నాన్న మీద వదలకు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ఛాంబర్, కొక్కెం తుడిచి, రెండు రకాల తూటాలు యాభై చొప్పున కాల్చు. పేలనివి, ఇరుక్కున్నవి, ఏ మ్యాగజీన్‌తో, ఎన్నో తూటా దగ్గర, అన్నీ రాసి ఆ కాగితం నాకు పంపు. వచ్చే నెల వస్తున్నానుగా, భూతద్దం నా దగ్గరే ఉంది, తెస్తాను.

ఉంటాను,
మావయ్య