పేపరు ఆపేశారు, రాజీనామా మీద సంతకం అడుగుతున్నారు

ప్రశ్న: తిరుపతి నుంచి వచ్చే ఒక చిన్న దినపత్రికలో 2011 జూన్ నుంచి సబ్ ఎడిటర్‌గా చేశాను. చివరి జీతం నెలకు 18,000 రూపాయలు. 2025 ఆగస్టు 31 రాత్రి పేజీలు ప్రెస్‌కు పంపాక ఫోన్ చేసి, రేపటి నుంచి ప్రింటు లేదన్నారు. అప్పటికే నాలుగు నెలల జీతం బాకీ ఉంది. చాన్నాళ్లు తిప్పించుకుని దానికి 72,000కు చెక్కు ఇచ్చారు. అది బౌన్స్ అయినట్టు బ్యాంకు కాగితం వచ్చి పది రోజులైంది. పరిహారం అడిగితే, ‘పేపరు ఎక్కడ మూశాం, ఈ-పేపర్ వాట్సాప్‌లో వస్తోంది కదా’ అంటున్నారు యజమాని. స్వచ్ఛందంగా రాజీనామా చేస్తున్నట్టు సంతకం పెడితే 25,000 ఇస్తారట. ఆపైన యాడ్ కమీషన్ మీద ఈ-పేపర్‌కు పనిచేయాలట. నాకు అపాయింట్‌మెంట్ లెటర్ లేదు. జీతంలో పీఎఫ్ కోసేవారు గానీ పాస్‌బుక్‌లో 2022 నుంచి జమ లేదు. పుత్తూరులో మండల విలేకరిగా చేసినాయన, శ్రీకాళహస్తి ఏజెంటు కూడా ఇవే బాధలు పడుతున్నారు. మేం ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: మీ ఉత్తరంలో చెక్కు సంగతి మధ్యలో ఎక్కడో రాశారు. నేను దాంతోనే మొదలుపెడతా, ఎందుకంటే మిగతావి ఒక నెల ఆలస్యమైనా నడుస్తాయి, ఇది నడవదు. చెక్కు చెల్లలేదని బ్యాంకు మెమో అందిన రోజు నుంచి 30 రోజుల్లో, చెక్కు ఇచ్చినాయనకు రాతపూర్వకంగా నోటీసు పంపాలి. మీకు పది రోజులు అప్పుడే పోయాయి. ఆ నోటీసు అందాక 15 రోజుల్లో ఆయన డబ్బు కట్టకపోతే, అక్కడి నుంచి నెలలోపు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి. మీ ఖాతా ఉన్న బ్రాంచి తిరుపతిలోనే ఉంటే కేసు తిరుపతిలోనే నడుస్తుంది. నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా ఉన్నాయి.

ఇక్కడ చాలామంది చేసే తప్పొకటి ఉంది. కోపంలో ఆ నోటీసులోనే గ్రాట్యుటీ, పీఎఫ్, పరిహారం అన్నీ కలిపి ‘నాకు నాలుగు లక్షలు ఇవ్వాలి’ అని రాసేస్తారు. చెక్కు నోటీసులో చెక్కు మొత్తమే అడగాలి. 72,000 అంటే 72,000. మిగతా లెక్కలకు వేరే కాగితం. రెండూ కలగాపులగం చేస్తే అవతలి లాయరు మొదటి వాయిదాలోనే దాన్ని పట్టుకుంటాడు.

ఇక రాజీనామా లేఖ. దాని మీద సంతకం పెట్టకండి. ఆ 25,000 ఎంత అవసరమో నాకు తెలుసు, నాలుగు నెలలు జీతం రాని ఇంట్లో టెన్షన్ ఎలా ఉంటుందో కూడా తెలుసు. అయినా పెట్టకండి. అందులో ‘స్వచ్ఛందంగా’ అన్న ఒక్క మాటకే ఆయన 25,000 ఇస్తున్నారు. మీ అంతట మీరు మానేస్తే నోటీసు జీతం (ముందుగా చెప్పకుండా తీసేసినందుకు ఇవ్వాల్సిన జీతం) ఉండదు, మూసివేత పరిహారం ఉండదు. గ్రాట్యుటీ ఒక్కటే మిగులుతుంది, అదీ మీకు పదేళ్ల సర్వీసు దాటింది కాబట్టి. ఆ సంతకంతో ఆయనకు ఎంత మిగులుతుందో కింద లెక్క వేసి చూపిస్తా.

‘మూయలేదు, ఈ-పేపర్ ఉంది’ అన్న మాట తెలివిగానే ఉంది గానీ, అది ఆయనకే అడ్డం తిరుగుతుంది. మీ పేపరు ఆగిన రోజుకు వర్కింగ్ జర్నలిస్టుల చట్టం, 1955 అమల్లో ఉంది. పారిశ్రామిక వివాదాల చట్టం, 1947ను జర్నలిస్టులకు వర్తింపజేసింది అదే. సంస్థ నిజంగా మూతపడితే 1947 చట్టంలో 25ఎఫ్ఎఫ్ఎఫ్ సెక్షన్ వర్తిస్తుంది. సంస్థ నడుస్తూనే మిమ్మల్ని తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్, దానికి 25ఎఫ్. మొదటిదానిలో నోటీసు జీతం, ఏడాదికి 15 రోజుల సగటు వేతనం లెక్కన పరిహారం ఇవ్వాలి. రెండోదానిలోనూ అవే ఇవ్వాలి, పైగా తీసేయడానికి ముందే చేతిలో పెట్టాలి. పెట్టకపోతే ఆ తొలగింపే చెల్లదు, మీరు ఇంకా ఉద్యోగంలో ఉన్నట్టే లెక్క. అంటే ‘మూయలేదు’ అని ఆయన ఎంత గట్టిగా అంటే అంత ఎక్కువ ఇరుక్కుంటారు. ఆ మాట ఫోన్లో కాక వాట్సాప్ మెసేజ్‌లో అన్నట్టయితే డిలీట్ చేయకుండా దాచుకోండి.

రేపు కార్మిక శాఖ ఆఫీసులో ఆయన చెప్పబోయే మాట కూడా ఊహించొచ్చు. కరోనా నుంచి నష్టాలు, న్యూస్‌ప్రింట్ ధర, జనం ఫోన్లో చదువుతున్నారు, యాడ్లు లేవు. ఇందులో అబద్ధం ఏమీ లేదు. 2019 బడ్జెట్‌లో న్యూస్‌ప్రింట్ మీద 10 శాతం కస్టమ్స్ సుంకం వేశారు, మరుసటి ఏడాది 5 శాతానికి తగ్గించారు, ఆ వెంటనే కరోనా వచ్చిపడింది. గంగమ్మ జాతరకు నాలుగు పేజీల సప్లిమెంటు నిండా యాడ్లు వేసిన పేపర్లు ఇప్పుడు జాతర వార్తను ఒక కాలమ్‌లో సర్దేస్తున్నాయి. కానీ చట్టానికి ఈ కష్టం ముందే తెలుసు. యజమాని చేతుల్లో లేని అనివార్య కారణాలతో మూస్తే పరిహారాన్ని మూడు నెలల సగటు వేతనానికి పరిమితం చేయొచ్చు. అయితే ఆర్థిక ఇబ్బందులు, నష్టాలు, అమ్ముడుపోని సరుకు, లీజు అయిపోవడం – ఇవి అనివార్య కారణాల కిందికి రావని అదే సెక్షన్ వివరణలో స్పష్టంగా రాశారు. పేపరు నడవక మూసుకుంటే పూర్తి పరిహారం ఇచ్చుకోవాల్సిందే.

ఇప్పుడు లెక్క. మామూలు కార్మికుడికి ఒక నెల నోటీసు. జర్నలిస్టుకు 1955 చట్టం మూడు నెలలు ఇచ్చింది, ఎడిటర్‌కైతే ఆరు నెలలు. మీకు మూడు నెలలంటే 54,000. పరిహారం ఏడాదికి 15 రోజులు, సగం నెల జీతం అనుకుంటే 9,000, పద్నాలుగేళ్లకు 1,26,000. గ్రాట్యుటీ దీనికి బదులుగా వచ్చేది కాదు, దీనికి అదనం. జర్నలిస్టుకు మూడేళ్ల సర్వీసు ఉంటే చాలు, క్రమశిక్షణ చర్య కింద తప్ప యజమాని ఏ కారణంతో తీసేసినా గ్రాట్యుటీ రావాలి. అదీ ఏడాదికి 15 రోజులే కాబట్టి మరో 1,26,000. గ్రాట్యుటీ చట్టంలో లాగా నెలను 26 రోజులుగా పట్టి లెక్కగడితే ఇది సుమారు 1,45,000 అవుతుంది. నేనైతే ఎక్కువ వచ్చే లెక్కనే రాస్తా, తగ్గించమని వాళ్లు వాదించుకోనీ. చెక్కు కాకుండానే మొత్తం మూడు లక్షలు దాటింది. ఆయన ఇస్తానంటున్నది 25,000.

పత్రికా ఉద్యోగుల జీతాలు ఎంత ఉండాలో సిఫార్సు చేసిన మజీఠియా వేజ్ బోర్డు సంగతి కూడా ఉంది. దాని సిఫార్సులను కేంద్రం 2011 నవంబరు 11న నోటిఫై చేసింది, 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకూ వర్తిస్తుందని 2017లో మళ్లీ చెప్పింది. మీ పేపరు ఆదాయాన్ని బట్టి అది ఏ తరగతిలోకి వస్తుందో తేలితే, మీకు రావాల్సిన జీతమే 18,000 కంటే ఎక్కువ కావచ్చు. దానికి బ్యాలెన్స్ షీట్లు తెప్పించాలి, టైము పడుతుంది. దాని కోసం మిగతా క్లెయిము ఆపొద్దు.

‘ఆ 1955 చట్టమే రద్దయిపోయింది కదండీ’ అని అవతలి లాయరు తప్పకుండా అంటాడు. నిజమే. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, జర్నలిస్టుల చట్టం వాటిలో కలిసిపోయింది. కానీ మీ ఉద్యోగం పోయింది ఆగస్టు ఆఖరుకు. చట్టం రద్దు కాకముందే దాని కింద పుట్టిన హక్కు రద్దుతో పోదని జనరల్ క్లాజెస్ చట్టం ఆరో సెక్షన్ చెబుతోంది. అందుకే రాజీనామా లేఖ మీద తేదీ ఏం వేశారో కూడా చూడమంటున్నా. నవంబరు తర్వాతి తేదీ వేసి ఉంటే అది పొరపాటున వేసింది అనుకోను. ఇక నవంబరు 21 తర్వాత పేపరు మూతపడి రోడ్డున పడినవాళ్లు ఇది చదువుతుంటే, వాళ్లకు రెండు మాటలు. కొత్త కోడ్‌లోనూ జర్నలిస్టుకు మూడేళ్లకే గ్రాట్యుటీ ఉంది. సంస్థ మూతపడితే బాకీ జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి.

అపాయింట్‌మెంట్ లెటర్ లేదని బెంగపడుతున్నారు. చిన్న పేపర్లలో అది ఎవరికి ఇచ్చారు గనక! ఉద్యోగాన్ని రుజువు చేసేది ఆ ఒక్క కాగితమే కాదు. బ్యాంకు ఖాతాలో నెలనెలా పడిన జీతం, పాత ఐడీ కార్డు, ప్రభుత్వం ఇచ్చే అక్రిడిటేషన్ కార్డు ఉంటే అది, పీఎఫ్ పాస్‌బుక్‌లో 2022కు ముందున్న జమలు – ఇవి చాలు. డెస్కు వాట్సాప్ గ్రూపును మాత్రం ఇవాళే ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, అడ్మిన్ మిమ్మల్ని తీసేయక ముందే. రోజూ రాత్రి ‘తిరుమల బాక్సు వచ్చిందా’ అని ఎవరో అడిగి ఉంటారు కదా. నిన్న దర్శనం చేసుకున్న భక్తులు ఎంతమంది, తలనీలాలు ఎంతమంది, హుండీ ఎంత – ఆ చిన్న బాక్సు పెట్టానని మీరు జవాబిచ్చిన మెసేజ్‌లు ఏళ్ల తరబడి ఉంటే, టైముతో సహా అంతకంటే మంచి హాజరు పట్టీ ఇంకోటి లేదు.

పీఎఫ్ విషయంలో నేను మెతగ్గా ఉండను. మీ జీతంలో కోసి, కట్టకుండా వాడుకున్న డబ్బు యజమానిది కాదు, మీది. అలా కోసిన వాటాను యజమాని దగ్గర నమ్మి ఉంచిన సొమ్ముగానే క్రిమినల్ చట్టం చూస్తుంది. కట్టకపోతే నమ్మకద్రోహం. 2024 జూలై 1కి ముందు కోసిన దానికి ఐపీసీ, ఆ తర్వాతి దానికి భారతీయ న్యాయ సంహిత. ముందు పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌వో గ్రీవెన్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. కోత కనబడే జీతం స్లిప్పు ఒక్కటి ఉన్నా జత చేయండి. పేస్లిప్పులు మీ దగ్గర లేకపోతే అకౌంట్స్‌లో పనిచేసినవాళ్లను అడగండి. వాళ్లకూ పీఎఫ్ కట్టి ఉండరు, కాబట్టి ఇస్తారు.

మిగతా మొత్తానికి తిరుపతిలోని కార్మిక శాఖ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. 1955 చట్టం 17వ సెక్షన్‌లో ఒక మంచి ఏర్పాటు ఉంది. బాకీ తేలితే ఆ మొత్తానికి ఒక సర్టిఫికెట్ రాసి కలెక్టరుకు పంపుతారు, భూమిశిస్తు బకాయిని వసూలు చేసినట్టే ఆయన వసూలు చేస్తారు. బాకీ ఎంత అన్నదాని మీద పేచీ వస్తే లేబర్ కోర్టు తేలుస్తుంది. మీలాంటివాళ్లు డెస్కులో ఎంతమంది ఉంటే అంతమంది ఒకే రోజు వేరువేరు దరఖాస్తులు ఇవ్వండి. ఒక్కరే వెళ్తే ఆ ఒక్కరికీ ఎంతో కొంత ఇచ్చి నోరు మూయిస్తారు.

పుత్తూరు విలేకరిది కొంచెం చిక్కు కేసు. పార్ట్‌టైమ్ అయినా వర్కింగ్ జర్నలిస్టే అని చట్టంలో ఉంది, కానీ జర్నలిజమే ప్రధాన వృత్తి అయి ఉండాలి. ఆయనకు అక్కడ ఎరువుల కొట్టో, ఎల్ఐసీ ఏజెన్సీయో ఉంటే అవతలివాళ్లు మొదట అడిగేది అదే. లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన వార్తల కొలతను బట్టి, నెలకు రెండు మూడు వేలు తీసుకుంటూ యాడ్లు తెచ్చిపెట్టే కంట్రిబ్యూటర్లను ఉద్యోగులుగా ఒప్పించడం కష్టమే, అబద్ధపు ఆశ పెట్టను. వేరే జీవనం లేదని చూపించగలిగితే మాత్రం మీతోపాటే దరఖాస్తు ఇవ్వమనండి. ఏజెంటుది సివిల్ వ్యవహారం. డిపాజిట్ రసీదు, చివరి నెల బిల్లు దగ్గర పెట్టుకుని లెక్క తేల్చి నోటీసు ఇవ్వాలి. మూడేళ్లలోపు దావా వేసుకోవచ్చు.

మా లాయర్ల వృత్తికీ ఈ పేపర్లతో ఒక బంధం ఉంది. ప్రతివాది దొరకనప్పుడు కోర్టు పేపర్ పబ్లికేషన్‌కు, అంటే నోటీసును పేపర్లో వేయించడానికి, అనుమతి ఇస్తుంది. ఆ పేపరు ఆ మనిషి చివరగా నివసించిన ప్రాంతంలో తిరిగే దినపత్రికై ఉండాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 5, రూల్ 20 చెబుతుంది. జూనియర్‌గా ఉన్నప్పుడు ఆ పబ్లికేషన్ కాపీ కోసం పొద్దున్నే బస్టాండు బంకు దగ్గర నిలబడేవాణ్ణి. నోటీసు ఎవరూ చదవరని మేమే నవ్వుకునేవాళ్లం. ఒకసారి తన పేరు తనే చదువుకుని, పేపరు మడిచి పట్టుకుని కోర్టుకొచ్చిన ప్రతివాదిని చూశాక నవ్వడం మానేశాను.

ఆ పాత కాపీలతో మీకు ఇంకో పనుంది. చివరి పేజీ అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ప్రింటరు, పబ్లిషరు, ఎడిటరు పేర్లు, రిజిస్ట్రేషన్ నంబరు, ప్రెస్ అడ్రసు ఉంటాయి. చెక్కు మీద ఒక పేరు, అక్కడ బావమరిది పేరు, జీతం వేసిన ఖాతా మూడో పేరు మీద ఉండటం మన దగ్గర మామూలే. బ్రాంచీలు, విభాగాలు అన్నీ ఒకే పత్రికా సంస్థలో భాగమనీ, ప్రధానంగా పేపరు అచ్చేసే ప్రెస్ కూడా ఆ సంస్థ కిందికే వస్తుందనీ 1955 చట్టం చెబుతుంది కాబట్టి ఈ పేర్లన్నీ దరఖాస్తులోకి ఎక్కాలి. మీరు ఆగస్టు 31 రాత్రి పంపిన పేజీలు సెప్టెంబరు 1 తేదీతో అచ్చయి ఉండాలి. ఆ కాపీ మీ దగ్గర లేకపోతే శ్రీకాళహస్తి ఏజెంటు దగ్గర మిగిలిపోయిన కట్టలో ఉంటుంది, అడిగి తెప్పించండి. చెక్కు నోటీసుకు మాత్రం దాని కోసం చూడొద్దు, రేపే ఎవరైనా లాయరు దగ్గర రాయించి, అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి.